డ్రైవర్ ఎంపిక, ట్రాక్ భద్రత: తెలుగునాట మోటారు పందేల చర్చపై ఒక సమీక్ష

మోటారు పందేలను శ్రద్ధగా గమనించే అభిమానుల మధ్య ఏళ్ల తరబడి తెగని చర్చలు రెండున్నాయి. ఏ జట్టు ఏ డ్రైవర్లను బరిలోకి దించాలన్నది మొదటిది. ప్రమాదాల తర్వాత ట్రాక్‌లలోనూ వాహనాలలోనూ చేసే భద్రతా మార్పులు పందేన్ని నిలబెడుతున్నాయా, పలచబరుస్తున్నాయా అన్నది రెండోది. ఐరోపాలో పుట్టి పెరిగిన ఈ చర్చలు తెలుగు నేలకు ఆలస్యంగానే వచ్చాయి. అయితే 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణానదిలో జరిగిన ఎఫ్1 హెచ్2ఓ మోటారు పడవల పందెం, 2022 చివరలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఇండియన్ రేసింగ్ లీగ్, 2023 ఫిబ్రవరి 11న అదే దారుల మీద జరిగిన ఫార్ములా ఈ పోటీ ఈ రెండు చర్చలకూ ఇక్కడే, మన కళ్ల ముందే ఆధారాలు సమకూర్చాయి. ఆ ఆధారాలను ప్రపంచ అనుభవంతో కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టపడుతుంది: డ్రైవర్ ఎంపికపై వాదన, ట్రాక్ భద్రతపై వాదన నిజానికి ఒకే ప్రశ్నకు రెండు కొసలు. డ్రైవర్ చేసే తప్పును ట్రాక్ ఎంతవరకు భరించగలదో, ఆ మేరకే కొత్తవారికి, చిన్నవారికి, స్థానికులకు సీటు ఇవ్వటం న్యాయమవుతుంది.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల ప్రేక్షకుడికి ఈ రెండింటినీ కలిపి ఆలోచించటం కొత్త కాదు. పండుగలకూ తిరునాళ్లకూ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గర ఏ ఎద్దుకు ఏ ఎద్దు జతగా కుదురుతుంది, జతను తోలేది ఎవరు అన్న మాటలు నడుస్తుండగానే, దెబ్బ ఎంతవరకు వేయనివ్వాలి, జనాన్ని ఎంత దూరంలో ఆపాలి అన్న మాటలు కూడా అదే గుంపులో, అదే ఊపులో సాగుతాయి. మోటారు పందేల అభిమానుల చర్చ మాత్రం ఈ రెండింటినీ విడదీసి, మొదటిదాన్ని అభిమానానికి, రెండోదాన్ని ఇంజనీర్లకు అప్పగించింది. ఆ విభజన ఎందుకు నిలవదో చూడటానికి ముందు ఒక్కొక్క చర్చలోని పక్షాలను విడివిడిగా పరిశీలించాలి.

డ్రైవర్ల ఎంపిక: మూడు వాదాలు

ఎంపిక విషయంలో అభిమానులు ప్రధానంగా మూడు పక్షాలుగా కనిపిస్తారు. ఫలితమే కొలమానమనీ, గడియారం ఎవరిని ముందు చూపితే వారికే సీటు దక్కాలనీ మొదటి పక్షం అంటుంది. జట్టు ఏ నేల పేరు పెట్టుకుందో ఆ నేలవారికి చోటుండాలన్నది రెండో పక్షం. మోటారు పందెం ఖర్చుతో కూడిన వ్యవహారం కాబట్టి ప్రాయోజకులను వెంట తెచ్చేవారికి సీటు దక్కటం తప్పదనీ, దాన్ని దాచకుండా ఒప్పుకోవటమే మేలనీ మూడో పక్షం వాదిస్తుంది.

ఈ మూడు వాదాలూ 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ అంతర్జాతీయ సర్క్యూట్‌లో జరిగిన తొలి ఫార్ములా వన్ ఇండియన్ గ్రాండ్ ప్రీ సమయంలో ఒక్కసారిగా ముందుకు వచ్చాయి. ఆ ఏడాది మధ్యలో సీటు పోగొట్టుకున్న భారతీయ డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్‌ను హెచ్‌ఆర్‌టీ జట్టు ఆ ఒక్క పోటీ కోసం తిరిగి కారెక్కించింది. అదే ఏడాది జర్మనీ పోటీలో మరో భారతీయుడు కరుణ్ చంధోక్‌తో పరుగెత్తించిన లోటస్ జట్టు మాత్రం భారతదేశంలో అతన్ని శుక్రవారపు సాధనకే పరిమితం చేసి, ఆదివారం తన అలవాటైన డ్రైవర్లనే దించింది. సొంత ప్రేక్షకుల ముందు స్వదేశీయుడికి చోటివ్వటం గౌరవమని కొందరు, అనుభవజ్ఞుడిని పక్కన పెట్టి పాయింట్లను పణంగా పెట్టటం జట్టు ధర్మం కాదని మరికొందరు అప్పుడు వాదించుకున్నారు.

హైదరాబాదుకు వచ్చేసరికి ఇదే వాదన మరింత దగ్గరైంది. విద్యుత్ బ్యాటరీలతో నడిచే ఒంటి సీటు కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ అయిన ఫార్ములా ఈ లో తొలి సీజన్ నుంచీ ఉన్న భారతీయ జట్టు మహీంద్రా రేసింగ్. 2014–15 నాటి ఆ తొలి సీజన్‌లో చంధోక్ ఆ జట్టు డ్రైవర్‌గా ఉన్నాడు. కాని 2023లో ఆ పందెం భారతదేశంలో మొదటిసారి జరిగినప్పుడు మహీంద్రా కార్లను బ్రెజిల్‌కు చెందిన లూకాస్ డి గ్రాసీ, బ్రిటన్‌కు చెందిన ఆలివర్ రోలండ్ నడిపారు. ముంబయి యువకుడు జెహాన్ దారూవాలా రిజర్వు డ్రైవర్‌గా, అంటే అవసరమైతే సీటెక్కవలసినవాడిగా, గరాజులోనే ఉండిపోయాడు. మరుసటి సీజన్‌లో మాసరాటి జట్టు దారూవాలాకు పూర్తి స్థాయి సీటు ఇచ్చింది. అయితే 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన హైదరాబాదు పోటీ జనవరి మొదటి వారంలోనే రద్దు కావటంతో, పందెం వచ్చిన ఏడాది భారతీయుడికి సీటు లేకపోయింది, సీటు వచ్చిన ఏడాది పందెం లేకపోయింది. నాడు హైదరాబాదులో మహీంద్రా కారు నడిపిన రోలండ్ తర్వాత నిస్సాన్‌కు మారి 2024–25 సీజన్ ప్రపంచ విజేతగా నిలవటం ఫలితవాదుల పక్షానికి బలమిచ్చింది. అతని ప్రతిభ మహీంద్రాలో ఉండగా ఆ స్థాయిలో కనిపించకపోవటం మాత్రం, కారునూ డ్రైవర్‌నూ విడదీసి తూచటం ఎంత కష్టమో గుర్తు చేస్తుంది.

ఇండియన్ రేసింగ్ లీగ్ ఈ వివాదాన్ని నియమంతోనే పరిష్కరించాలని చూసింది. 2022లో నగరాల, ప్రాంతాల పేర్లతో ఆరు జట్లు ఏర్పడగా, జట్టుకు నలుగురు చొప్పున, స్వదేశీయులూ విదేశీయులూ కలిసి ఉండేలా, ప్రతి జట్టులోనూ ఒక మహిళ తప్పనిసరిగా ఉండేలా కూర్పు నిర్ణయించారు. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్‌లో తెలుగు డ్రైవర్ అనిందిత్ రెడ్డి, బెంగళూరుకు చెందిన అఖిల్ రబీంద్ర, 2016 లే మాన్స్ 24 గంటల పందెం విజేతల్లో ఒకడైన నీల్ జానీ, ఫ్రాన్సుకు చెందిన లోలా లొవిన్‌ఫోస్ ఒకే చోట చేరారు. ప్రతిభకు కోటా పెట్టటమేమిటన్న విమర్శ ఈ పద్ధతికి ఎదురైనా, అనుభవజ్ఞుడి పక్కన కొత్తవారు నేర్చుకునే వీలు దీనివల్ల కలిగిందన్నది కాదనరాని విషయం.

దీనికి పూర్తి భిన్నమైన దృశ్యం 2018 నవంబరు 16 నుంచి 18 వరకు కృష్ణలో కనిపించింది. ఆంధ్రప్రదేశ్ రాజధాని పేరు పెట్టుకున్న టీమ్ అమరావతి పడవలను నడిపిన యోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఎడిన్ ఇద్దరూ స్వీడన్ దేశీయులు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల గుండా తెనాలి, రేపల్లె పొలాలకు దిగే నీటి మీద, తమ రాజధాని పేరుతో, తమ భాష తెలియని ఇద్దరు పోటీ పడటం స్థానికతావాదులకు వెలితిగా తోచింది. ఆ వెలితి న్యాయమైనదేనా అన్న ప్రశ్నకు జవాబు ఆ పడవల భద్రతా నియమాలలోనే ఉంది కాబట్టి, ముందు భద్రత చర్చను చూడటం అవసరం.

భద్రతా మార్పులు: వాదనలు, అనుభవం

భద్రత విషయంలోనూ పక్షాలు మూడే. ప్రాణాపాయమే పందేనికి గాంభీర్యమనీ, దాన్ని తగ్గించేకొద్దీ ధైర్యానికి విలువ తగ్గుతుందనీ పాతకాలపు అభిమానులు కొందరు నమ్ముతారు. ప్రతి ప్రమాదమూ నివారించదగినదేనని రెండో పక్షం అంటుంది. మార్పులు అవసరమే కాని అవి తప్పు చేసిన డ్రైవర్‌కు ఏ నష్టమూ లేకుండా చేయకూడదన్నది మూడో పక్షం.

మొదటి పక్షం వాదన చరిత్ర ముందు నిలవదు. 1994లో ఇటలీలోని ఇమోలాలో ఏప్రిల్ 30న రోలండ్ రాట్జెన్‌బర్గర్, మరునాడు మే 1న అయర్టన్ సెన్నా మరణించిన తర్వాత, సెన్నా కారు గోడను ఢీకొన్న టాంబురెల్లో అనే అతివేగపు మలుపును మెలిక దారిగా మార్చి వేగం తగ్గించారు. కార్ల నిర్మాణంలో, వైద్య సదుపాయాలలో, ట్రాక్ అంచులలో ఆ తర్వాత వరుసగా మార్పులు వచ్చాయి. 2014 అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో, మరో కారును తొలగించేందుకు వచ్చిన ట్రాక్టర్‌ను జూల్స్ బియాంకీ కారు ఢీకొని, తొమ్మిది నెలల తర్వాత అతను కన్నుమూసేవరకు, ఫార్ములా వన్ పోటీ ప్రమాదం ఏదీ డ్రైవర్ ప్రాణం తీయలేదు. బియాంకీ ప్రమాదం తర్వాత, ట్రాక్‌పై అపాయం ఉన్నప్పుడు కార్లన్నీ నిర్ణీత వేగానికి తగ్గేలా చేసే వర్చువల్ సేఫ్టీ కారు పద్ధతి 2015లో అమలులోకి వచ్చింది.

డ్రైవర్ తల చుట్టూ అమర్చే టైటానియం వలయమైన హేలో విషయంలో చర్చ తీవ్రంగా నడిచింది. కారు అందం చెడుతుందని, తెరిచిన కాక్‌పిట్ సంప్రదాయం పోతుందని అభిమానులతో పాటు కొందరు డ్రైవర్లూ దాన్ని వ్యతిరేకించారు. వారిలో రొమేన్ గ్రోజాన్ ఒకడు. 2018లో హేలో తప్పనిసరి అయింది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకుని రెండు ముక్కలై మంటల్లో చిక్కుకున్నప్పుడు, కంచె రేకులను అతని తలకు తగలకుండా అడ్డుకున్నది ఆ హేలోనే. దాదాపు అరనిమిషం మంటల్లో ఉండి కాలిన చేతులతో బయటపడిన ఆ డ్రైవర్, తన పాత అభిప్రాయం మార్చుకున్నానని బహిరంగంగా చెప్పాడు. భద్రతపై జరిగిన వాదనలలో ఇంత స్పష్టంగా తీర్పు వచ్చిన సందర్భం మరొకటి దొరకదు.

మూడో పక్షం వాదనకు మాత్రం నిజమైన బలం ఉంది. మలుపుల వెలుపల కంకర పరుపుకు బదులు తారు పరచటం వల్ల అదుపు తప్పిన కారు బోల్తా పడకుండా వేగం తగ్గించుకోగలుగుతుంది. కాని అదే తారు డ్రైవర్లు హద్దు దాటి లాభపడటానికి కూడా దారి ఇస్తుంది. 2023 ఆస్ట్రియా పోటీలో హద్దులు దాటినట్లు అనుమానించిన సందర్భాలు 1,200కు పైగా నమోదై, పందెం ముగిసిన కొన్ని గంటలకు గాని తుది ఫలితాలు తేలలేదు. మరుసటి ఏడాది ఆ ట్రాక్‌లో కీలకమైన మలుపుల అంచున సన్నని కంకర పట్టీలు వేయటంతో, ప్రాణానికి ముప్పు లేకుండానే తప్పుకు నష్టం ఉండేలా చేయవచ్చని తేలింది. భద్రతా, పోటీతత్వమూ పరస్పర శత్రువులు కావనటానికి ఇది మంచి నిదర్శనం.

వీధి ట్రాక్: హైదరాబాదు అనుభవం

వీధి ట్రాక్ అంటే రోజూ బస్సులూ స్కూటర్లూ తిరిగే రోడ్లనే కొద్ది రోజులు మూసి, గోడలు నిలబెట్టి పందెపు దారిగా మార్చటం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వాహన పందెం జరపటం నేరం కాబట్టి, వీధి ట్రాక్ పుట్టుకలోనే ప్రభుత్వం బాధ్యత వహిస్తుంది. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ మార్గ్ ప్రాంతంలో, కొత్త సచివాలయానికీ లుంబినీ పార్కుకూ పక్కనే, 2.83 కిలోమీటర్ల పొడవున 18 మలుపులతో ఏర్పడిన దారి ఇలాంటిదే.

ఈ దారిని దగ్గరగా చూస్తే వీధి ట్రాక్ స్వభావం అర్థమవుతుంది. రెండు పక్కలా వరుసగా పేర్చిన కాంక్రీటు దిమ్మెలు, వాటిపైన విరిగిన భాగాలు ప్రేక్షకుల మీదికి ఎగరకుండా ఆపే ఉక్కు తీగల కంచె ఉంటాయి. అదుపు తప్పిన కారు జారిపోయి ఆగటానికి ఖాళీ స్థలం దాదాపు ఉండదు. గంటకు 320 కిలోమీటర్ల వేగం అందుకోగల మూడో తరం ఫార్ములా ఈ కారు, పొడవైన తిన్నని దారి మీద పరుగెత్తి, మూడో నంబరు మలుపు దగ్గర దాదాపు వెనక్కు తిరగవలసి వచ్చేది. 2023 పోటీలో మొదటి స్థానం నుంచి బయల్దేరిన జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్‌ను ఆ మలుపులోనే అతని సహచరుడు శామ్ బర్డ్ కారు గుద్దటంతో, జట్టు ఆశలు ఒక్క క్షణంలో చెదిరాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలవగా, నిక్ కాసిడీ రెండో స్థానంలో నిలిచాడు. మరుసటి సీజన్‌కు బర్డ్ స్థానంలో జాగ్వార్ తీసుకున్నది కాసిడీనే. హైదరాబాదు మలుపు ఒక్కటే ఆ మార్పుకు కారణమని చెప్పలేకపోయినా, ఖాళీ స్థలం లేని చోట ఒక చిన్న తప్పు ఇద్దరి పందేన్నీ తుడిచిపెట్టగలదనీ, అలాంటి చోట జట్టు కూర్పు గురించిన ఆలోచనే వేరుగా ఉండాలనీ అది చాటింది.

అంతకు మూడు నెలల ముందు, 2022 నవంబరు 19, 20 తేదీలలో ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి విడత ఇదే చోట ప్రమాదాల వల్ల, ఆలస్యాల వల్ల అనుకున్నట్లు పూర్తి కాలేదు. కొత్త కారు, కొత్త దారి, కొత్త డ్రైవర్ మూడూ ఒకే రోజు పరీక్షకు దిగితే ఏమవుతుందో ఆ వారాంతం చూపించింది. చెన్నైలో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ద్వీప మైదానం చుట్టూ 3.5 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై రాత్రి పందెం జరిపినప్పుడు, భద్రతా ప్రశ్న మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. ప్రపంచ మోటారు క్రీడల సమాఖ్య అయిన ఎఫ్ఐఏ నుంచి ధ్రువపత్రం వచ్చేదాకా కార్లు కదలకూడదన్న పట్టుదల వల్ల శనివారపు కార్యక్రమం వెనక్కు జరిగింది. ఆలస్యానికి అభిమానులు విసుక్కోవటం సహజమే అయినా, కాగితం మీద సంతకం పడేవరకు పందెం ఆగటమే ఆ క్రీడకు ఇక్కడ దక్కిన అసలైన గౌరవం.

రెండు చర్చలూ కలిసే చోటు

టీమ్ అమరావతి విషయానికి ఇప్పుడు తిరిగి రావచ్చు. ఎఫ్1 హెచ్2ఓ పడవ బరువు సుమారు 390 కిలోలు, ఇంజను శక్తి సుమారు 400 అశ్వశక్తి. బ్రేకులూ గేర్లూ లేని ఆ పడవ గంటకు 200 కిలోమీటర్లు దాటి పోతూ, గాలి అడుగున చేరితే గాల్లోకి లేచి తిరగబడగలదు. అందుకే డ్రైవర్ కూర్చునే గూడును బలమైన పెట్టెగా కడతారు. అంతేకాక, ఆ గూడులో బెల్టులతో కట్టి నీటిలో తలకిందులుగా ముంచినప్పుడు తనంతట తాను బయటపడగలిగినవారికే పోటీకి అర్హత ఉంటుంది. దీన్ని తాబేలు పరీక్ష అంటారు. స్థానికుడు ఎందుకు లేడన్న ప్రశ్నకు దీని వల్ల సరైన రూపం వస్తుంది: ఆ పరీక్షకు, ఆ వేగానికి ఒక ఆంధ్ర యువకుణ్ణి సిద్ధం చేసే శిక్షణ కేంద్రం కృష్ణ ఒడ్డున ఎందుకు లేదన్నదే అడగవలసిన మాట. పందేనికి మూడు రోజుల ముందు పేరు మార్చి స్థానికుణ్ణి ఎక్కించటం అభిమానం కాదు, ప్రమాదం.

వయసు విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. మాక్స్ వెర్‌స్టాపెన్ 17 ఏళ్లకే 2015లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టినప్పుడు, అతని ప్రతిభను ఎవరూ కాదనకపోయినా, ఎఫ్ఐఏ 2016 నుంచి సూపర్ లైసెన్సుకు, అంటే ఆ స్థాయి పోటీకి కావలసిన అర్హత పత్రానికి, 18 ఏళ్ల కనీస వయసునూ, కింది స్థాయి పోటీలలో కూడబెట్టవలసిన పాయింట్లనూ నిర్ణయించింది. మోటారు సైకిళ్లలో 2021లో స్పెయిన్‌లోని హెరెస్ ట్రాక్‌పై 15 ఏళ్ల డీన్ బెర్తా విన్యాలెస్ మరణించిన తర్వాత అంతర్జాతీయ సమాఖ్య కనీస వయసును పెంచింది. మన పక్కనే చెన్నై సమీపంలోని మద్రాసు అంతర్జాతీయ సర్క్యూట్‌లో 2023 జనవరిలో 59 ఏళ్ల అనుభవజ్ఞుడు, అదే ఏడాది ఆగస్టులో 13 ఏళ్ల బాలుడు పందేల్లో ప్రాణాలు కోల్పోయారు. ఒకే ఏడాది, ఒకే ట్రాక్ మీద, జీవితపు రెండు కొసల నుంచి ఇద్దరు. అనుభవం ఒక్కటే కాపాడదనీ, చిన్న వయసును ఉత్సాహం ఒక్కటే మోయలేదనీ ఆ రెండు మరణాలు నేర్పిన పాఠాన్ని ఏ అభిమాని తేలిగ్గా తీసుకున్నా అది ఆ కుటుంబాలకు చేసే అన్యాయమే.

భద్రతా నిర్ణయం ఎంపిక ఫలితాన్ని నేరుగా మార్చిన సందర్భం భారతీయ రేసింగ్ చరిత్రలో మరొకటి ఉంది. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో, ఏటవాలుగా ఉన్న చివరి మలుపును తమ టైర్లు తట్టుకోలేవని మిషెలిన్ సంస్థ చెప్పటంతో, ఆ టైర్లు వాడే జట్లన్నీ పందెం ఆరంభానికి ముందే వైదొలిగాయి. మలుపు ముందు వేగం తగ్గించే మెలిక పెట్టాలన్న కోరికను ఎఫ్ఐఏ అంగీకరించలేదు. మిగిలిన ఆరు కార్లలో జోర్డాన్ జట్టు తరఫున కార్తికేయన్ నాలుగో స్థానం సాధించి, ఫార్ములా వన్‌లో పాయింట్లు పొందిన తొలి భారతీయుడయ్యాడు. ఆ పాయింట్లు నిజంగా సంపాదించినవా అన్న వాదన ఇప్పటికీ నడుస్తున్నా, నడపవద్దన్న నిర్ణయం కూడా క్రీడలో భాగమేనన్న అంశం అందులో మరుగున పడుతోంది.

తప్పుకోవటం కూడా ఎంపికే. సికింద్రాబాదులో పుట్టి తెలుగు ప్రేక్షకులకూ దగ్గరైన నటుడు అజిత్ కుమార్ 2025 జనవరిలో దుబాయి 24 గంటల పందేనికి తన సొంత జట్టుతో వెళ్లాడు. సాధనలో అతని కారు గోడను గట్టిగా ఢీకొన్న తర్వాత, తన క్షేమాన్నీ జట్టు అవకాశాలనూ దృష్టిలో పెట్టుకుని ప్రధాన కారు డ్రైవర్ల జాబితా నుంచి తానే వైదొలిగాడు. ఆ కారు తన విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. యజమానే తన సీటును వదులుకున్న ఆ నిర్ణయం, ఎంపికపై చర్చించే ప్రతి అభిమానీ మనసులో ఉంచుకోదగినది.

తెలుగు నేల ముందున్న పని

హైదరాబాదు పందెం 2024లో ఆగిపోయిన తీరు, దాని చెల్లింపులపై ఆ ఏడాది డిసెంబరులో నమోదైన ఏసీబీ కేసు న్యాయ విచారణలో తేలవలసిన విషయాలు. క్రీడ దృష్టితో చూస్తే అసలు లోటు మరోచోట ఉంది. చెన్నై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడాల్లో ఉన్నట్లు, అంతర్జాతీయ పోటీలు నడపదగిన శాశ్వత ట్రాక్ రెండు తెలుగు రాష్ట్రాల్లో లేదు. మూడు రోజులు నిలిచి కూల్చివేసే గోడల మధ్య ప్రేక్షకులు తయారవుతారు కాని డ్రైవర్లు తయారు కారు. రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి పక్కన పెరిగే యువకుడికి వేగం మీద మోజు ఉంటే, దాన్ని క్రమశిక్షణగా మలిచే చోటు దగ్గర్లో లేనప్పుడు ఆ మోజు రోడ్డు మీదకే వస్తుంది. అక్కడ హేలో లేదు, కంచె లేదు, ఎదురుగా వచ్చేది ధాన్యం ట్రాక్టరో బడిపిల్లల ఆటోనో అవుతుంది.

కాబట్టి అభిమానులు తమ చర్చ క్రమాన్ని మార్చుకోవాలి. మన కుర్రవాడికి సీటు ఎందుకివ్వలేదని అడిగే ముందు, ఆ కుర్రవాడు చిన్న కార్టు మీద తప్పులు చేస్తూ, వాటినుంచి క్షేమంగా బయటపడుతూ నేర్చుకునే ట్రాక్ ఎక్కడుందని అడగాలి. ఆ ట్రాక్‌కు ధ్రువపత్రం ఉందా, అంబులెన్సూ వైద్యుడూ సిద్ధంగా ఉంటారా, వయసుకు తగిన వాహనమే చేతికిస్తున్నారా అని ప్రభుత్వాలనూ క్లబ్బులనూ నిలదీయాలి. ఇవి సమకూరినప్పుడు స్థానికతావాదికి తన మనిషి, ఫలితవాదికి తన వేగం, భద్రతావాదికి తన ధైర్యం ఒకే డ్రైవర్‌లో దొరుకుతాయి. తెలుగు పేరు గల జట్టులో తెలుగు డ్రైవర్ కూర్చోవాలన్న కోరిక న్యాయమైనదే. ఆ కోరిక నెరవేరే దారి జట్టు యజమాని గదిలో కాక, ఇంకా కట్టవలసి ఉన్న శిక్షణ ట్రాక్‌ల మీద మొదలవుతుంది.